ఐదో ప్లేటులో శంఖం

"సెపియా అమ్ముడుపోయింది," అన్నాడు హనుమత్ప్రసాద్, కాఫీ సాసర్లోకి ఒంపుకుంటూ.

సురేందర్ తన కప్పు కింద పెట్టేశాడు. ఆయన మాత్రం తీరిగ్గా కాఫీ ఊదుకుంటున్నాడు. పై అధికారులకు ఆ విద్య పుట్టుకతో వస్తుంది కాబోలు. పిడుగులాంటి మాట చెప్పాక కూడా కాఫీ చల్లారకుండా చూసుకుంటారు.

బేగంపేటలో, పాత ఎయిర్‌పోర్టుకు కూతవేటు దూరంలో ఉంది ఆ ఆఫీసు. బయట బోర్డు మీద 'సీ ఫుడ్ ఎక్స్‌పోర్ట్ కన్సల్టెంట్స్' అని ఉంటుంది. అందులోంచి ఇంతవరకు ఒక్క రొయ్య కూడా ఎగుమతి కాలేదు. దేశ రహస్యాలు ఎగుమతి కాకుండా చూడటమే ఆ ఆఫీసు పని. ఈ ఏడాది, అంటే రెండు వేల మూడులో, ఆ పని అంత గొప్పగా సాగలేదు.

"మూడేళ్ళ కిందట సుమశ్రీని రహస్యాలు కొనే వెర్నర్ గ్యాంగ్‌లోకి మనమే పంపాం," అన్నాడు హనుమత్ప్రసాద్. "డబుల్ ఏజెంట్. కోడ్ నేమ్ సెపియా. వాడి మనిషిలా నటిస్తూ మనకి పనిచెయ్యాలి. ఆ నటన కాస్తా నిజమైపోయింది."

"ఆధారం ఏంది సార్?"

"నేవీ సోనార్ ప్రోగ్రామ్. శత్రువు సబ్‌మెరైన్‌ని సముద్రం అడుగున చప్పుడు బట్టి పట్టేస్తుంది. మన ఊళ్ళోనే రాశారు. ఎవడో వెధవ దాన్ని ఐదు ముక్కలుగా వెర్నర్‌కి అమ్మాడు. నాలుగు దేశం దాటిపోయాయి. ఐదోది తాళంచెవి. అది లేకపోతే మిగతా నాలుగూ చెత్త కిందే లెక్క. అది ఇవాళ మధ్యాహ్నం వెళ్ళబోతోంది."

ఎలా వెళ్తున్నాయో సురేందర్‌కు చెప్పనక్కర్లేదు. ఎదురుగా గోడ మీదే ఆ నాలుగు బొమ్మలూ ఫ్రేములు కట్టి ఉన్నాయి.

నాలుగున్నర వందల ఏళ్ళ కిందట యూరప్‌లో ఒక వైద్యుడు చేపల బజార్లన్నీ తిరిగి, వెన్నెముక లేని సముద్ర జీవులను పోగేసి, బొమ్మలు గీయించి, చెక్కదిమ్మల మీద చెక్కించి పుస్తకంగా అచ్చువేశాడు. ఆక్టోపస్, కటిల్‌ఫిష్, పీత, స్టార్‌ఫిష్. గీసినవాడు సముద్రంలోకి మోకాలి లోతు కూడా దిగలేదేమో, ఆక్టోపస్‌కు మనిషి కళ్ళు పెట్టాడు. ఆ కళ్ళలో పెళ్ళిపందిట్లో అలిగిన కొత్తల్లుడి చూపు. ప్లేట్లని పిలిచే ఆ బొమ్మల పేజీల్లో ప్రతిదాని మూలనా, తన ముద్రలాగా, ఒక శంఖం గీశాడు. వెర్నర్ ఆ పుస్తకాన్ని పట్టుకొచ్చి అమీర్‌పేటలో స్కానింగ్ కంపెనీ తెరిచాడు. పాత బొమ్మలను డిజిటల్ చేసి విదేశీ మ్యూజియాలకు పంపుతామన్నాడు. దేశమంతా కంప్యూటర్ మాయలో ఉన్న రోజులు. ఎందుకని ఎవరడుగుతారు? స్కాన్ చేసిన శంఖం బొమ్మలోని చుక్కల మధ్య సోనార్ ముక్కలను దాచి ఇంటర్నెట్‌లో పంపాడు.

"కార్గో, అంటే సోనార్ ముక్క, ఉన్న ప్లేటు ఏదో చెప్పడమే ఆమె పని," అన్నాడు హనుమత్ప్రసాద్. "ప్రతి ప్లేటుకీ ఒక కాపీ సీడీలో నా టేబుల్ మీదికి వస్తుంది. దాన్ని నా కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కణ్ణుంచి ఢిల్లీకి పంపిస్తాను. కార్గో ఉంటే బొమ్మలో ఒక గుర్తు పెడుతుందట. ఆ గుర్తేంటో ఆమెకీ ఢిల్లీకీ తప్ప నాక్కూడా తెలీదు. నీడ్ టు నో, తెలియాల్సినవాళ్ళకే తెలియాలి. ఆ నాలుగు ప్లేట్లనీ ఢిల్లీ భూతద్దం పెట్టి చూసింది. గుర్తు లేదు. అసలు పుస్తకంలో ఎలా ఉన్నాయో అచ్చం అలాగే ఉన్నాయి. తర్వాత సోనార్ ముక్కలు విదేశంలో తేలాయి. ఇంతకంటే ఏం కావాలి?"

ఆమెకు సెపియా అని పేరు పెట్టింది సురేందరే. కటిల్‌ఫిష్ ఆపద వస్తే సిరా చిమ్మి మాయమవుతుంది. ఆ సిరాతోనే పాతకాలం చిత్రకారులు సెపియా రంగు తయారుచేసేవారు. సుమశ్రీ కూడా ఎలాంటి ఆపదలోంచైనా మాయమై బతికి బయటపడాలని అతని కోరిక.

"ఆ శంఖాలు చూశావూ?" హనుమత్ప్రసాద్ గొంతులోకి భక్తి వచ్చింది. "మామూలు శంఖానికి నోరు ఎడమవైపు. వీటికి కుడివైపు. దక్షిణావర్తం! లక్షలో ఒకటి దొరుకుతుంది. ఇంట్లో ఉంటే లక్ష్మి. ఆ తెల్లోళ్ళకి పేజీకొకటి దొరికింది చూడు! వీటితోనే మన ఆఫీసు క్యాలెండర్ వేయిస్తున్నాను. డిజైన్ నాదే. సాయంత్రాలు అమీర్‌పేటలో ఫోటోషాప్ కోర్సుకి వెళ్తున్నాలే. కొన్నిట్లో స్కానింగ్ వాళ్ళు శంఖాన్ని ఎడమకి పెట్టేస్తే లాసో టూల్‌తో నేనే సరిచేశాను."

సురేందర్ చెవిన ఆ మాట పడిందే గానీ బుర్రకెక్కలేదు. బుర్ర నిండా సుమశ్రీయే ఉంది. "ఆమెను పట్టుకొని తీస్కరమ్మంటరా సార్?"

"అక్కర్లేదు. ఆమె ఇప్పటికీ మన మనిషేనని వెర్నర్‌కి కబురు వెళ్ళింది."

"ఎవరు చెప్పిండ్రు?"

"మనమే." హనుమత్ప్రసాద్ సాసరు కింద పెట్టాడు. "కేసు, కోర్టు, పేపర్లూ... ఎందుకయ్యా అదంతా? వాళ్ళ సంగతి వాళ్ళే చూసుకుంటారు. నువ్వు ఐదో ప్లేటు ఆపు. అంతే."

సురేందర్ మెట్లు రెండేసి దిగాడు. వెర్నర్ చెయ్యి ఆమె మీద పడకముందే తను చేరుకోవాలి. ఒక్క మాట అడగాలి. నిజంగా అమ్ముడుపోయి ఉంటే తనే బేడీలు వేస్తాడు. లేకపోతే? లేకపోతే ఏం చెయ్యాలో బేగంపేట ఆఫీసు ఏ బ్రీఫింగ్‌లోనూ చెప్పలేదు.

పంజాగుట్ట చౌరస్తాలో ఆటో ఇరుక్కుపోయింది. ముందు బస్సు, వెనక బస్సు, పక్కన అంబులెన్సు. దేశభద్రతకు గ్రీన్ సిగ్నల్ ఇచ్చే ట్రాఫిక్ పోలీసు ఇంకా పుట్టలేదు.

ఇదే రోడ్డు మీద ఒకప్పుడు స్కూటర్ వెనక సుమశ్రీ కూర్చునేది. యూసుఫ్‌గూడలో ఒక అనుమానితుడి ఇంటి మీద నిఘా పెట్టాల్సి వచ్చింది. ఎదురింట్లో గది ఖాళీగా ఉంది. ఆ ఇంటి ఓనరు చంద్రమ్మ బ్యాచిలర్లకు గది ఇవ్వనని తెగేసి చెప్పింది. దాంతో ఆఫీసు అతనికొక భార్యను శాంక్షన్ చేసింది. అద్దె గది కోసం సర్కారే పెళ్ళి చేసిన మగాడు సురేందర్ ఒక్కడేనేమో. ఎనిమిది నెలలు కాపురం. చంద్రమ్మ ముందు సుమశ్రీ "ఏవండీ" అని పిలిచేది. తలుపు వేశాక "సురేందర్ గారూ, మీ సైడు మీరు పడుకోండి" అనేది. మిషన్ ముగిసిన రోజు మంగళసూత్రం ఆఫీసు స్టోర్స్‌కు వాపసు ఇచ్చి రసీదు తీసుకుంది. అతను మాత్రం గది ఖాళీ చెయ్యలేదు. భార్యకు వైజాగ్‌లో ఉద్యోగమని చంద్రమ్మకు చెప్పి అక్కడే ఉండిపోయాడు. ఆమెను ప్రేమించాడు. ఆ మాట ఆమెతో ఒక్కసారి కూడా అనలేదు. శిక్షణలో నోరు మూసుకోవడం నేర్పుతారు గానీ, ఎప్పుడు తెరవాలో నేర్పరు.

అమీర్‌పేటలో ఆటో దిగేసరికి అతను వేషం మార్చి నిరుద్యోగి అయిపోయాడు. మెడలో టై, చంకలో ఫైలు, ఫైల్లో మూడేళ్ళ దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్. కంప్యూటర్ కోర్సులమ్మే ఆ సందుల్లో దొంగ ఎక్స్‌పీరియన్స్ లేనివాడినే అనుమానించాలి. జేబులో పెన్ను కెమెరా. ఫోటో తీద్దామని నొక్కితే రీఫిల్ బయటికొస్తుంది.

కోడ్ వర్డ్ కూడా అలాంటిదే. 'కోబాల్ బ్యాచ్ ఎప్పుడు?' అని ఎప్పుడో పాతబడిన కంప్యూటర్ కోర్సు గురించి అడగాలి. 'కోబాల్ పోయింది, ఒరాకిల్‌లో చేరండి' అన్నవాడు మనవాడు. సురేందర్ అడిగాడు. పాంప్లెట్లు పంచేవాడు ఆ జవాబే చెప్పాడు. జిరాక్స్ షాపువాడూ అదే చెప్పాడు. మిర్చీబజ్జీలవాడు జవాబుతో పాటు డెమో క్లాస్ టైము కూడా చెప్పాడు. ఈ కోడ్ పెట్టిన మహానుభావుడు జన్మలో అమీర్‌పేట చూసి ఉండడు.

చివరికి స్కానింగ్ కంపెనీ బిల్డింగ్ వాచ్‌మన్ అదే జవాబు చెప్పి, కన్ను గీటాడు. అతని పేరు నర్సింహులు. ఆఫీసు పెట్టిన మనిషే.

"అన్నా, జల్ది పో," అన్నాడు నర్సింహులు గొంతు తగ్గించి. "తెల్లోడు పైననే ఉన్నడు. స్టాఫ్‌నంత లంచ్‌కు తోలిండు. మేడమ్ ఒక్కతే ఉంది. నాకు మస్తు భయమైతుంది."

"నేను పిలిస్తే పైకి రా," అని సురేందర్ మూడో అంతస్తుకు పరుగెత్తాడు.

హాలు నిండా ఖాళీ కుర్చీలు. చివరి టేబుల్ దగ్గర పెద్ద మానిటర్ ముందు సుమశ్రీ కూర్చుని ఉంది. సముద్రం రంగు షిఫాన్ చీర, ఎర్రటి లిప్‌స్టిక్, తలమీదికి ఎత్తిపెట్టిన చలువ కళ్ళద్దాలు. ఆమె అందం చూసి మంత్రులకే మాట తడబడిందని ఫైల్లో రాసి ఉంది. కళ్ళ కింద నలుపు సంగతి ఏ ఫైలూ రాయలేదు.

"మీరా?" అంది. "చంద్రమ్మ గారు బాగున్నారా?"

"నీ ముచ్చట చెప్పు ముందుగాల. అమ్ముడుపోయినవా?"

ఆమె మౌస్ వదిలేసి అతనివైపు తిరిగింది. "అందుకా పొద్దున్నుంచీ వెర్నర్ నన్ను అదోలా చూస్తున్నాడు! నేనెవరో వాడికి తెలిసిపోయింది. అప్‌లోడ్ పాస్‌వర్డ్ నా దగ్గరుంది కాబట్టి ఇంకా బతికున్నాను. చెప్పిందెవరు?"

సురేందర్ తల వంచుకున్నాడు. ఆమెకు అర్థమైంది.

"మూడేళ్ళు," అంది. "మూడేళ్ళు వాడి పక్కన నిలబడి నవ్వాను. కార్గో వచ్చిన ప్రతిసారీ గుర్తు పెట్టాను. ఇంకేం చెయ్యాలి నేను?"

"గుర్తు లేదంటున్నరు. ఏం గుర్తది?"

ఆమె మానిటర్ అతనివైపు కొంచెం తిప్పింది. ఐదో ప్లేటు. నడుమ ఒళ్ళు విరుచుకున్న ఆక్టోపస్, చుట్టూ పీతలు, మూలన శంఖం.

"ఈ పుస్తకంలో శంఖాలన్నీ తప్పు," అంది. "గీసినవాడు సరిగ్గానే గీశాడు. చెక్కినవాడు దాన్ని చెక్క మీద ఉన్నదున్నట్టు చెక్కాడు. సిరా పూసి కాగితం మీద అద్దితే కుడి ఎడమైపోతుంది కదా? అద్దంలో చూసినట్టు. అందుకే మామూలు శంఖాలన్నీ ఇందులో దక్షిణావర్తాలైపోయాయి. అదే నా గుర్తు. కార్గో ఉన్న ప్లేటు కాపీలో శంఖాన్ని మళ్ళీ తిప్పేసి, అసలు సముద్రంలో ఎలా ఉంటుందో అలా పెట్టి పంపుతాను. పుస్తకంతో పోల్చి చూస్తే ఢిల్లీకి ఇట్టే తెలుస్తుంది. నాలుగుసార్లు తిప్పాను. ఎవరూ చూడలేదా?"

సురేందర్ చెవిలో పొద్దుటి మాట అప్పుడు మోగింది. లాసో టూల్‌తో నేనే సరిచేశాను.

టేబుల్ పట్టుకున్నాడు. "చూసిండు," అన్నాడు. "మా సార్ చూసిండు. ఎడమ శంఖం మంచిది కాదని తిప్పి, దక్షిణావర్తం చేసిండు. క్యాలెండర్ కోసం. గా ఫైలునే ఢిల్లీకి తోలిండు."

సుమశ్రీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కాటుక చెంపకు అంటుకుంది.

"ఫోటోషాప్ ఎక్కడ నేర్చుకున్నారట?"

"గీ సందులనే."

"సేవ్ యాజ్ కొట్టాలని చెప్పలేదా వాళ్ళు? ఉత్త సేవ్ కొడితే పాతది పోతుందని మొదటి రోజే చెప్తారే!"

"లే సుమా. పోదాం. కింద మనోడున్నడు. నేను అందరికీ చెప్త. ఢిల్లీ దాక పోత."

ఆమె లేవబోయింది. అప్పటికే తలుపు దగ్గర వెర్నర్ నిలబడి ఉన్నాడు. తెల్లటి లినెన్ సూటు, చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్. పొడుగాటి మనిషి. పాత బొమ్మల ముందు నిలబడి గంటసేపు కళాచరిత్ర చెప్పగలడు. అదే గొంతుతో మనిషిని చంపమనీ చెప్పగలడు.

"మీ ఆఫీసుకి మర్యాద ఎక్కువ," అన్నాడు ఇంగ్లీషులో. "సొంత ఏజెంట్ పేరు ఫోన్ చేసి మరీ చెప్పారు. మేడమ్, కూర్చోండి. ప్లేటు పంపండి. లేదంటే ముందు ఇతను పోతాడు."

సుమశ్రీ కూర్చుంది. వెర్నర్‌కు కనిపించేది మానిటర్ వీపు మాత్రమే. పక్కన నిలబడిన సురేందర్‌కు తెర కనిపిస్తోంది. ఆమె చెయ్యి మౌస్ మీద మెల్లగా కదిలింది. శంఖం చుట్టూ గీత గీసింది. తిప్పింది. కుడివైపు ఉన్న నోరు ఎడమకు వచ్చింది. చుక్కల వరస మారితే లోపలున్న కోడ్ ఎవడికీ అందదు. ఇక సేవ్ కావాలి. పెద్ద ఫైలు, పాత కంప్యూటర్. తెర మీద ఇసుక గడియారం తిరగడం మొదలుపెట్టింది.

"ఎందుకు ఆలస్యం?" వెర్నర్ ఒక అడుగు ముందుకేశాడు.

ఇంకో రెండడుగులు వేస్తే తెర కనిపిస్తుంది. సురేందర్ ఫైలు తెరిచి అతనికి అడ్డంగా వెళ్ళాడు.

"సార్, నా రెజ్యూమె. త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్. మేడమ్ పోతే పోస్టు ఖాళీ కదా? మా ఆఫీసోళ్ళు ఎట్లాంటోళ్ళో మీరే చూసిండ్రు. నేను సుత ఇటే వస్త."

వెర్నర్ ఆగాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "ఇండియాలో అందరూ ఉద్యోగం మారడానికి రెడీ!"

ఇసుక గడియారం మాయమైంది. సుమశ్రీ సెండ్ నొక్కింది. అప్‌లోడ్ గీత పాకుతూ పాకుతూ చివరికి చేరింది.

"వెళ్ళింది," అంది.

వెర్నర్ మోడెమ్ లైట్ల వైపు చూశాడు. తృప్తిగా తల ఊపాడు. ఊపుతూనే ఆమెను కాల్చాడు. బాటిల్ మూత తీసినంత చప్పుడు కూడా కాలేదు.

సురేందర్ చేతికి టేబుల్ మీది స్టెబిలైజర్ దొరికింది. దాన్ని రెండు చేతులతో ఎత్తి వెర్నర్ తలమీద వేశాడు. వాడు కూలిపోయాడు. పిస్టల్ కుర్చీల కిందకు దొర్లిపోయింది. సురేందర్ కేక విని నర్సింహులు పైకి వచ్చి వాడి చేతులు విరిచి కట్టాడు. వాడు నేలమీదినుంచే నవ్వుతున్నాడు. "లేట్ అయ్యారు. వెళ్ళిపోయింది!"

"శంఖమే వెళ్ళింది," అంది సుమశ్రీ. ఆమె సురేందర్ ఒడిలో ఉంది. సముద్రం రంగు చీర మరో రంగుకు తిరుగుతోంది. "లోపల గాలి తప్ప ఏం లేదు."

వెర్నర్ నవ్వు ఆగిపోయింది.

"మాట్లాడకు. అంబులెన్స్ వస్తుంది. పంజాగుట్ట ఎంత దూరం? గిదో, పక్కనే." అంబులెన్సు ఎక్కడ ఇరుక్కుందో అతను పొద్దున కళ్ళారా చూశాడు. అయినా అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

"ఏవండీ," అంది ఆమె. అక్కడ చంద్రమ్మ లేదు. నటించాల్సిన అవసరమూ లేదు. "నేను తిప్పానని చెప్పండి వాళ్ళకి. అమ్ముడుపోలేదని చెప్పండి."

అతను చెప్తానన్నాడు. ఆమె విన్నదో లేదో తెలియదు.

మర్నాడు, వెర్నర్ దొరికినందుకు బేగంపేట ఆఫీసులో స్వీట్లు పంచారు. హనుమత్ప్రసాద్‌కు ఢిల్లీ నుంచి అభినందనలు వచ్చాయి. సురేందర్ స్వీటు ముట్టుకోలేదు. తలుపు మూసి, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

హనుమత్ప్రసాద్ లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. ఒక్కో ఫ్రేమునీ చూశాడు. నాలుగో దాని దగ్గర ఆగి చెయ్యి అద్దం మీద ఆనించాడు.

"మంచిదనే తిప్పానయ్యా," అన్నాడు చివరికి.

"తెలుసు సార్. ఆమె ఫైల్ల ద్రోహి అని రాసిండ్రు. అది తీసేయండి. అదొక్కటే అడిగింది."

ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోగానే మళ్ళీ ఆఫీసరు అయిపోయాడు. "ఎందుకు తీశారంటే ఏం చెప్పను? ఫైలు క్లోజ్ అయింది. క్లోజ్ అయిన ఫైలుని దిద్దకూడదు. రూలు."

"ఆ రూలు శంఖాలకు లేదా సార్?"

హనుమత్ప్రసాద్ ఏం ఇవ్వాలో తోచక, టేబుల్ మీదున్న కొత్త క్యాలెండర్ల కట్టలోంచి ఒకటి తీసి అతని ముందు పెట్టాడు. సురేందర్ తన ఐడెంటిటీ కార్డు ఆ టేబుల్ మీద పెట్టి, క్యాలెండర్ తీసుకుని బయటికి నడిచాడు. ఆ తర్వాతి నెలల్లో ఢిల్లీకి మూడుసార్లు రాశాడు. మూడింటికీ ఒకే జవాబు వచ్చింది, వ్యవహారం సంబంధిత బేగంపేట ఆఫీసుకు పంపామని.

కార్డు ఇచ్చేసిన ఆ సాయంత్రం అతను యూసుఫ్‌గూడ చేరేసరికి చంద్రమ్మ గుమ్మంలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అతని చేతిలో క్యాలెండర్ చూసి చెయ్యి చాపింది. మొదటి పేజీ తిప్పగానే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"దక్షిణావర్త శంఖం గదా బిడ్డా! మస్తు అదృష్టం. ఎవరిచ్చిండ్రు?"

"నా పెండ్లాం పంపింది పెద్దమ్మా."

చంద్రమ్మ శంఖానికి చెయ్యి తాకించి కళ్ళకద్దుకుంది. "గిది ఉన్న ఇంట్లకు లక్ష్మి వస్తదంటరు."

సురేందర్ గది తాళం తీశాడు.

"వచ్చి పోయింది పెద్దమ్మా," అన్నాడు.